తినే వచ్చినం

2006 నవంబరు. ఆ రోజు నాగర్‌కర్నూల్‌లో ఆ ఇంట్లో ఉన్నవాళ్లు: యూనివర్సిటీ ప్రొఫెసర్ దామోదర్ సార్, ఆ ఇంటామె రాధమ్మ (సార్‌కు వదిన), మా నాయనమ్మ కిష్టమ్మ, నేను. కుర్చీలు నాలుగున్నాయి. మేమిద్దరం గడప దగ్గర నిలబడ్డాం.

"చెప్పులు బయటనే ఇడువుండ్రి. ఎవరొచ్చిండ్రని చెప్పాలె దామోదర్‌కు?"

"లింగాల దిక్కు ఊరమ్మా మాది. పోయినేడు సార్ మా ఇంట్ల బువ్వ తిన్నడు. కిష్టమ్మ అని చెప్పు, ఎరుక పడ్తడు."

"ఆయన ఎన్ని ఊర్లు తిరుగుతడో, ఎన్ని ఇండ్లల్ల తింటడో. దామోదర్, నీకోసమే."

"ఎవరు వదినా? ఓ, ఈ పిల్లనా. ఏం పేరు నీది?"

"తిరుపతమ్మ…"

"జర గట్టిగ చెప్పు బిడ్డా, సార్‌కు ఇనబడాలె."

"తిరుపతమ్మ, సార్."

"ఆ, తిరుపతమ్మ. వదినా, ఆ ఊర్ల నా సర్వే ఫారాలు నింపింది ఈ పిల్లనే. నలభై రెండిండ్లు, ఒక్క కొట్టివేత లేదు. తొమ్మిది చదివే పిల్ల రాతంటే హైదరాబాద్‌ల ఎవరు నమ్మలే. నేనిచ్చిన పెన్ను ఉన్నదా?"

"ఉన్నది సార్."

"తిన్నరా మీరు? పొద్దటి ఉప్మా ఉన్నది."

"తినే వచ్చినం రాధమ్మ తల్లీ."

"నాయనమ్మా…"

"నువ్వు ఊకో. కడుపు నిండ తిన్నం. సార్‌తోని ఒక మాటున్నది, చెప్పి పోతం. చెప్పవే."

"నువ్వే చెప్పు."

"కాగితాల సంగతి నాకేం తెల్సు? బస్సుల తొవ్వ పొడుగున అప్పజెప్పుకున్నవు గదా."

"సార్… మా ఊర్ల హాస్టల్ మూస్తుండ్రు సార్. వలసవోయినోళ్ల పిల్లలది. ఆయితారం దాకనే ఉంచుతరంట."

"అయితే?"

"అమ్మ నాయిన పూణెల ఉన్నరు సార్, బిల్డింగుల పనికి. నేను హాస్టల్లనే తింట, అండ్లనే పండుకుంట. మూస్తే నన్ను గూడ పూణె తోలుకపోతరు. బేస్తారం కూలోళ్ల మేస్త్రి వస్తడు. నాది పదో తరగతి సార్."

"నాయనమ్మ దగ్గర ఉండు."

"ఆమెకే పెట్టేటోళ్లు లేరు సార్."

"ఎందుకు లేరే? ఊరంత నాకు పెట్టేటోళ్లే."

"సరే, దానికి నేనేం చెయ్యాలె? మండలాఫీసుల అడుగుండ్రి."

"అడిగినం సార్. ఆడున్న సార్ మీ పుస్తకం చూపెట్టిండు. మా ఊరోళ్లు మూడు పూటలు తింటరు, వలస పోయేది ఆకలికి గాదు, అలవాటుకొద్ది అని ఉన్నది అండ్ల. గట్ల రాసిన ఊర్లన్నిట్ల హాస్టల్ తీసేస్తుండ్రంట."

"విన్నవా వదినా? రాసి ఆర్నెల్లు గాలే, జీవో అయిపోయింది. మా దగ్గర ముప్పై ఏండ్ల సంది రాస్తున్నోళ్లు ఉన్నరు. వాళ్ల పుస్తకాలు మంత్రి టేబుల్ దాక గూడ పోలే."

"మరి స్వీటు తెప్పియ్యి, నాకు చెప్పకపోతివి."

"సార్, అది అబద్ధం సార్."

"ఏది?"

"మూడు పూటలు."

"రాసిందెవరు?"

"నేనే సార్."

"మరి?"

"ఇంటికొచ్చినోళ్ల ముందట పస్తులుంటమని ఎట్ల చెప్తరు సార్? అందరు మూడన్నరు, మూడు రాసిన. ఎవరింట్ల పొయ్యి ఎలగలేదో నాకు ఎరుకనే. ఎరుకుండి రాసిన. మాది గూడ మూడే రాసిన."

"అంటే సర్కారుకు తప్పుడు లెక్క ఇచ్చిన్రన్నట్టు, నువ్వు, మీ ఊరోళ్లు."

"మీరు ఒక్క కాగితం రాసిస్తె ఆపుతరంట సార్. మీ మాట మీదనే నడుస్తదంట. ఆకలున్నదని రాయుండ్రి, సాలు."

"ఉండు. కిష్టమ్మా, నువ్వు చెప్పు. పొద్దున్నుంచి ఏమన్న తిన్నరా?"

"తిన్నం సార్."

"నాయనమ్మా, నిన్న పగటికెల్లి మనం…"

"తిన్నమంటున్న గదనే. పరాయి ఇంట్ల మానం తీస్తవా?"

"చూసినవా తిరుపతమ్మా? నేను అడిగిన, ఆమె చెప్పింది. అప్పుడు గదే, ఇప్పుడు గదే. చెప్పిందే రాస్తం మేము. దాన్నే పరిశోధన అంటరు."

"దామోదర్, పూణె ఎందుకు, ఈ పిల్లను ఇక్కడ ఉండమను. మాకు పనిపిల్ల లేక పరేషాన్ అయితుంది. బాసండ్లు తోముతది, మూడు పూటలు తింటది."

"మంచి మాట వదినా. వచ్చే నెల రాజోలి దిక్కు ఇరవై ఊర్లు సర్వే ఉన్నది. నా ఫారాలు గూడ నింపుతది."

"సార్, ఆ దినం మీరు తిన్న సన్నబువ్వ మాది గాదు."

"తిరుపతీ, వద్దు."

"పక్కింటి కుల్సుమ్‌బీ కాడ అడిగి తెచ్చింది నాయనమ్మ. మీరు మారు పెట్టించుకున్నరు. మాకు మిగలలే."

"సార్, పిల్ల మాట పట్టుకోకుండ్రి. పా బిడ్డా, బస్సు పోతది."

"నాకు తెల్సు తిరుపతమ్మా."

"ఏంది సార్?"

"కుల్సుమ్‌బీ గోడ మీదికెల్లి బియ్యం చాట అందిస్తుంటే చూసిన. తిన్నంక నువ్వు గిన్నె కడిగి ఆ నీళ్లు తాగుడు గూడ చూసిన."

"చూసి… చూసి ఎందుకు రాయలే సార్?"

"ఆకలున్నదని రాసిన పుస్తకాలు మా లైబ్రరీల బీరువ నిండ ఉన్నయి, చదివేటోడు లేడు. లేదని రాసిన, చదివిండ్రు. వచ్చే నెల సర్కారు కమిటీల కూసుంటున్న. పోండ్రి ఇగ."

"సార్, ఒక్క కాగితం…"

"తలుపు సందులకెల్లి వేళ్లు తియ్యి తిరుపతమ్మా, తలుపేస్తున్న. రాసే చెయ్యి, నలుగుతది."