పది లేని సంఖ్య

హలో, నిమాకో… ఆ, నేనే, పెద్దమ్మని. సంతాపపు బట్ట అందింది.

…

నలుపు బాగుంది. ఎరుపు అంచూ బాగుంది. నేను అడిగేది మధ్యలో అచ్చు వేయించిన సంఖ్య గురించి.

…

కాదు. అది మీ చెల్లెలు సెర్వా సంఖ్య కాదు. … కళ్లద్దాలు పెట్టుకునే చూశాను. కుమాసిలో సగం ఊరికి లెక్కలు చెప్పినదాన్ని, అంకెలు చదవడం ఇంకా మరిచిపోలేదు.

విను. సెర్వా సంఖ్య ఒకటి నుంచి పది దాకా ఎక్కుతుంది. పదిని తాకి మళ్లీ ఒకటి దాకా దిగుతుంది. ఇరవై అంకెలు. నీ బట్ట మీద పదిహేడే ఉన్నాయి. తొమ్మిది దగ్గరే వెనక్కి తిరిగిపోయింది.

…

ఒక్క మెట్టుకే అంత తేడానా? ఉంది నాయనా. పన్నెండేళ్లప్పుడు ఆ పిల్ల మా వాకిట్లో, పక్కన ఫుఫు ముద్దకు దుంపలు దంచుతుంటే, ఆ సంఖ్యను మూడుతో, ఏడుతో, పదమూడుతో భాగిస్తూ కూర్చుంది. దేనికీ లొంగలేదు. యూనివర్సిటీకి వెళ్లాక రుజువు చేసి ఫోన్ చేసింది. ఒకటీ, తానూ తప్ప దాన్ని శేషం లేకుండా భాగించేది ఏదీ లేదు పెద్దమ్మా, అని. తనను సాగనంపేవాళ్ల ఒంటి మీద అదే ఉండాలంది. ఇంకేమీ కోరలేదు.

మరి నువ్వు వేయించినదో? అంకెలన్నీ కూడు. … నేనే చెబుతాను, నీ కూడికలు నాకు తెలుసు. ఎనభై ఒకటి. అంటే ఆ సంఖ్యే తొమ్మిదితో నిశ్శేషంగా పోతుంది. ఆరో తరగతి పిల్లలకు తెలిసిన సంగతి.

…

అచ్చువాడిని అనకు. అడిగాను. నువ్విచ్చిన కాగితమే వేశానన్నాడు. పదిని ఎందుకు కోశావు? అటునుంచి చదివినా ఇటునుంచి చదివినా ఒకేలా ఉంటే అందమనా? పోయినదాని మాట సవరించే పెద్దరికం నీకెవరిచ్చారు?

…

ఏమన్నావు?

…

అంకెలన్నీ తనే చెప్పిందా. … ఎప్పుడు? … ఆ బుధవారం. నేను ఆసుపత్రి నుంచి సూపు తేవడానికి ఇంటికి వెళ్లినప్పుడు.

…

తొమ్మిది దగ్గర తడుముకుందా? … తడుముకోలేదా. … మళ్లీ చెప్పించావా? … రెండోసారీ అంతేనా.

—

తలలో గడ్డ మాటలను తినేస్తుందని డాక్టరు ముందే చెప్పాడు. అంకెల జోలికి రాదనుకున్నాను.

…

నాకెందుకు చెప్పలేదు? … ఇలా అంటాననా. … ఊఁ. అంటాను.

…

నవ్విందా. … "పెద్దమ్మకు చూపించన్నయ్యా, ఈసారి తప్పు పట్టడం తనవల్ల కాదు" అందా.

—

లేదు, ఏడవడం లేదు. లెక్క వేస్తున్నాను.

నిమాకో… తొమ్మిది ఒకట్లు వరుసగా రాసి, దాన్ని దానితోనే గుణిస్తే, నీ బట్ట మీది సంఖ్య వస్తుంది. వట్టి ఒకట్లు. … ఏమీ లేదు, ఊరికే చెబుతున్నాను.

…

వద్దు. మళ్లీ వేయించవద్దు.

…

తెలుస్తుంది. శనివారం అంత్యక్రియలకు యూనివర్సిటీ వాళ్లంతా వస్తారు, చూడగానే తెలుస్తుంది. పది ఏదని అడిగినవాళ్లను నా దగ్గరికి పంపు. సరిగ్గానే ఉందని చెబుతాను. … అవును, నేనే చెబుతాను.

దర్జీ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఈ బట్టకే కొలతలివ్వాలి. … పెట్టేస్తున్నాను నాయనా.