సంఖ్య లేని భాషకు పేరు నిలిపిన సమ్మన్న గారు

1969 జూలై 14వ తేదీన బాన్సువాడలోని మా పాఠశాలలో సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులుగా చేరిన శ్రీ సమ్మన్న గారు, పదిహేడేళ్ల నిరంతర సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. తొలి ఏడాదిలోనే వారు తరగతి గోడపై ప్రపంచ పటం వేయించి, ప్రతి దేశంపైనా అక్కడి భాషల పేర్లు స్వహస్తాలతో రాశారు. జుక్కల్ వైపు నుంచి వచ్చిన పిల్లల మరాఠీని ఎవరైనా వెక్కిరిస్తే సహించేవారు కారు. నేను 1977లో వారి సహోద్యోగినయ్యాను.

1981 జనాభా లెక్కలకు వారు పర్యవేక్షకులు, నేను వారి కింద గణకుణ్ణి. మాతృభాష గడిలో వేయవలసిన సంకేత సంఖ్యల పట్టిక ఒకటి మా చేతికి ఇచ్చారు. అందులో మా ఇంటి భాష లంబాడీ లేదు. నేను పుట్టిన తండాకే లెక్కకు వెళ్లి, పని త్వరగా తెమలాలని నలభై రెండు ఇళ్లకూ తెలుగు సంఖ్య వేశాను. మా ఇంటికీ అదే వేశాను.

ఫారాలు చూసిన సమ్మన్న గారు నన్ను వెంటబెట్టుకుని మా ఇంటికే వచ్చి, మా అమ్మ సోనాబాయికి సంగతి చెప్పారు.

“మావోడు పంతులైండు గద సారూ, ఇంట్ల ఏం మాట్లాడ్తడో మర్శిండు” అని నవ్వి, ఆమె నావైపు తిరిగింది. “పొద్దుగాల నిన్ను ఏ మాటల తిట్టిన్నో గదే రాయి, బిడ్డా!”

ఇల్లిల్లూ తిరిగి అడిగి నలభై రెండు ఫారాలూ దిద్ది, సంఖ్య ఉండవలసిన చోట ‘లంబాడీ’ అని అక్షరాలా రాశాము.

వాటిని తీసుకోవడానికి వచ్చిన అధికారి ఒప్పుకోలేదు. “గీ భాషకు నంబర్ లేదు సమ్మన్నా. తెలుగుల కలిపెయ్, ఇగ అయిపాయె. లేకుంటే మెమో వస్తది.”

“నంబర్ లేకుంటే మీరు తయారు చేసుకోండ్రి సార్. మాట్లాడెటోళ్లు ఉన్నరు, పేరున్నది. నేనైతే కొట్టెయ్య.”

మెమో వచ్చింది. సంజాయిషీగా వారు రాసినది ఒకే వాక్యం: “నేను విన్నదే రాయించాను.” ఫారాలు ఆ పేరుతోనే పైకి వెళ్లాయి. వారికి రావలసిన ప్రధానోపాధ్యాయ పదవి మాత్రం ఆగింది, మళ్లీ రాలేదు. ఈ వీడ్కోలు సంచికలో ఆ సంగతి దాచిపెట్టి వారిని పొగడడం నాకు చేతకాదు.

మా అమ్మ గత నెల కన్నుమూసింది. ఆమె ఏ భాష మనిషో ఒక ప్రభుత్వ కాగితం మీద సరిగ్గా ఉంది. అందుకు వెల చెల్లించినవారు సమ్మన్న గారు.

1991లో మళ్లీ లెక్కలు వస్తాయి. పట్టికలో మా భాషకు సంఖ్య ఉంటే వేస్తాము, లేకుంటే పేరే రాస్తాము, ఎవరు చెప్పినా కొట్టెయ్యము. ఆ ఫారాలు సరిచూడడానికి మా తండాదాకా నడిచి వచ్చేంత ఆరోగ్యం, ఆ తరువాత మరెన్నో లెక్కలు చూసేంత ఆయుష్షు సమ్మన్న గారికి ఉండాలి.

భీమ్లా, ఉపాధ్యాయుడు