యాభై ఎనిమిది కిలోలు

పెనాంగ్ ఆసుపత్రి స్కాన్ గదిలో టెక్నీషియన్, రోగి.

"గడ్డ ఎంత చురుగ్గా ఉందో చెప్పే అంకె పోయినసారి 4.102. ఇవాళ 4.618. మందు పనిచేయట్లేదని డాక్టరుగారు మార్చేస్తున్నారు ఆంటీ."

"నాకు ఒంట్లో బాగానే ఉందిగా."

"ఇది అచ్చంగా మీ ఒంటికే కట్టిన లెక్క, బరువుతో సహా. ఇవాళ డెబ్బై ఒకటి. పోయినసారి యాభై ఎనిమిది."

"అప్పుడు తూచలేదు, నోటితో అడిగారు."

"అప్పుడు కాటా రిపేరులో ఉంది. మీరు తగ్గించి చెప్పారా? బరువు తగ్గించి చెబితే గడ్డ అంకె కూడా తక్కువ చూపిస్తుంది ఆంటీ, ఇవాళ్టిది పెరిగినట్టు కనిపిస్తుంది."

"అప్పుడు పక్కనే మా వియ్యపురాలు ఉంది. వేపుడు నూడుల్స్ మానేసి సన్నబడ్డానని ఆవిడతో చెప్పుకున్నాను."

"దానికి మంచి మందు పోయేలా ఉంది. అప్పటి అసలు బరువు చెప్పండి, సరిచేస్తాను."

"చెబుతాను. ముందు తలుపు వెయ్యి. ఆవిడ బయటే కూర్చుంది."