ఎర్ర ముద్ర పడని పేరు

లావోస్ సరిహద్దు ఊరు నోంగ్ ఖాయ్‌లో ఇమిగ్రేషన్ ఆఫీసు, పొద్దున పదకొండు దాటింది. డెన్మార్క్ నుంచి ఏడాదికి మూడుసార్లు వచ్చిపోయే సిగ్నె చేతిలో నలభై ఏడో నంబరు చీటీ ఉంది. ఈ ఊళ్లో ఆమెను నోయ్నా అంటేనే తెలుస్తుంది. పక్కనే ఆమె కుంగ్ పిన్ని, ఒళ్లో సంచీ, సంచీ మీద రెండు చేతులు.

"అది కాదు పిన్నీ, నువ్వు ఊరికే భయపడుతున్నావు."

"నేనా? నాకేం భయం. చెమటలు పడుతున్నది నీకు."

"మరి ఆ సంచీని అలా ఎందుకు హత్తుకున్నావు?"

"చలి. ఈ ఏసీ ఒకటి. ఎన్నో నంబరు నడుస్తోంది?"

"నలభై ఒకటి."

"ఇంకా చాలా ఉంది. పద, వంతెన దగ్గర కాల్చిన కోడి తినొద్దాం."

"తినొచ్చేసరికి నంబరు పోతుంది. పన్నెండింటికి కిటికీ మూసేస్తారు. చెప్పాను కదా పిన్నీ, స్టాంపు గడువులో పదిహేను రోజులు మిగిలి ఉండగానే కాగితాలు పెట్టాలి. ఈ రోజుకి సరిగ్గా పదిహేను. రేపు వస్తే మొహం కూడా చూడరు."

"వంతెన దాటి అవతల లావోస్‌లో ఒక పూట ఉండి వచ్చెయ్. ఎప్పుడూ చేసేదేగా."

"ఈ ఏడాదికి రెండుసార్లు దాటేశాను. మూడోసారి రానివ్వరు. విమానంలో వద్దామంటే, పోయినసారి ఏం జరిగిందో నీకు తెలుసు."

"ఎయిర్‌పోర్టులో ఆ గది."

"ఆ గదే. కిటికీ కూడా లేదు. బెంచీ మీద నా పక్కనున్నతన్ని వచ్చిన విమానంలోనే తిప్పి పంపేశారు. పాపం, పెళ్లాం బయట ఎదురుచూస్తోందట. తర్వాత నా వంతు. ఇన్నిసార్లు ఎందుకొస్తున్నావని అక్కడి ఆఫీసరు అడిగాడు. మా పిన్ని కోసం అన్నాను. పిన్ని కోసం ఎవరూ ఇన్నిసార్లు రారు అన్నాడు."

"అలా అన్నాడా?"

"నవ్వుతూనే అన్నాడు. ఇంకోసారి ఇలా ఊరికే వస్తే తిప్పి పంపుతానని కూడా నవ్వుతూనే అన్నాడు. అప్పట్నుంచి విమానం చప్పుడు వింటే పాస్‌పోర్టు తడుముకుంటున్నాను."

"మరి ఆ బడి? మన భాష చదవడం, రాయడం నేర్పే బడిలో చేరితే ఏడాది వీసా ఇస్తారటగా."

"మన ఊళ్లో ఉన్న ఒక్క బడీ మూతపడింది."

"రిటైరైనవాళ్లకిస్తారు."

"యాభై నిండాలి. నాకు ముప్పై ఆరు."

"డబ్బున్నవాళ్లకి ఏదో కార్డు ఉందిగా."

"ఆ కార్డు పెట్టి మన వీధి మొత్తం కొనొచ్చు."

"కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేవాళ్లకి…"

"నేను రొట్టెలు కాల్చేదాన్ని పిన్నీ. కంప్యూటర్లో రొట్టె కాలుతుందా?"

"అయితే పెళ్లి చేసుకో. పడవల మేస్త్రీ ప్రయూన్ మంచివాడు. పెళ్లాం పోయి రెండేళ్లయింది."

"పళ్లు కూడా పోయాయి."

"పళ్లదేముంది, కట్టించుకుంటాడు."

"లోకంలో ఉన్న దారులన్నీ చెబుతున్నావు, నాకున్న ఒక్క దారి తప్ప. తల్లి ఇక్కడి మనిషైతే బిడ్డకి ఏడాది ఇస్తారు. అమ్మ ఇక్కడిది. పురిటికి ఇక్కడికే వచ్చింది, నేనిక్కడే పుట్టాను. పుట్టిన కాగితం, ఇంట్లోవాళ్లందరి పేర్లూ ఉండే ఇంటి పుస్తకం పెడితే చాలు. ఇంత తేలిక దారి ఉండగా…"

"పుట్టిన కాగితం చెదలు తినేశాయన్నానుగా."

"మొన్న వరదలో పోయిందన్నావు."

"వరదా వచ్చింది. చెదలూ పట్టాయి."

"నలభై మూడు."

"నోయ్నా, పద ఇంటికి పోదాం."

"నిజం చెప్పు పిన్నీ. నేనిక్కడ ఉండటం నీకిష్టం లేదా?"

"అంత మాటనకు."

"మరి? అమ్మ పోయి మూడేళ్లు. నాన్న ఎప్పుడో వేరే సంసారం పెట్టుకున్నాడు. అక్కడ నాకెవరున్నారు? నీ మెట్ల మీద కూర్చుని నీ చేత నాలుగు తిట్లు తింటేగానీ నాకు నిద్ర పట్టదు. పదిహేను రోజుల తర్వాత నన్ను వెళ్లగొడితే మళ్లీ రానిస్తారో లేదో. నాకు భయంగా ఉంది పిన్నీ."

"నాకు మాత్రం లేదా?"

"ఇందాక లేదన్నావు."

"ఇందాక వేరు."

"నలభై నాలుగు, నలభై ఐదు లేనట్టున్నారు. దగ్గరపడింది. పిన్నీ, ఒక సంగతి చెప్తాను, కోప్పడకు. కాగితం దొరికింది."

"ఏ కాగితం?"

"బుద్ధుడి అర వెనకాల, బిస్కట్ల డబ్బాలో. దండ మారుస్తుంటే చేతికి తగిలింది. పైన సర్కారు గరుడ ముద్ర ఉంది. నేను పుట్టిన తారీకు ఉంది, అంకెలు గుర్తుపట్టాను."

"చదివించావా?"

"ఎవరితో?"

"ఎవరితోనైనా. చదివించావా నోయ్నా?"

"లేదు. నాకు మాట రావడమేగానీ అక్షరం రాదు కదా. ఎందుకలా పట్టుకుంటున్నావు, చెయ్యి నొప్పి."

"ఇలా ఇయ్యి."

"ఫైల్లో పెట్టేశాను."

"అది తప్పుల కాగితం. ఆ రోజుల్లో గుమాస్తాలు తాగి రాసేవాళ్లు. ఇయ్యి."

"తప్పుల కాగితాన్ని బుద్ధుడి వెనకాల దాస్తారా?"

"అక్కకి మాటిచ్చాను."

"ఏమని?"

"మాటిచ్చానంతే. నా మాట విను. ఆ కాగితం పెడితే వాళ్లు ఏడాది ఇస్తారేమో. నువ్వు మాత్రం ఉండవు. ఇంకెప్పుడూ నా గడప తొక్కవు."

"ఏం మాటలవి? పిన్నీ, నలభై ఏడు పిలుస్తున్నారు. లే."

"నువ్వెళ్లు. నేను రాను."

"ఇంటి పుస్తకం నీ సంచీలోనే ఉంది, నువ్వూ రావాలి. పద."

కిటికీ అవతల అధికారి కళ్లజోడు తుడుచుకుంటున్నాడు.

"కూర్చోండి. పాస్‌పోర్టు. అబ్బో, స్టాంపు కొట్టడానికి చోటే లేదు. మీరు ఈ దేశానికి వచ్చినన్నిసార్లు మా అత్తగారు కూడా మా ఇంటికి రాలేదు."

"అందుకే వచ్చాను సార్. తల్లి తరఫున ఏడాదికి పెట్టుకుందామని."

"మంచిది. తల్లి పేరు?"

"దావ్‌రుంగ్."

"ఉన్నారా?"

"లేరు సార్. మూడేళ్లయింది. డెన్మార్క్‌లోనే పోయారు."

"పుట్టిన కాగితం ఇవ్వండి. ఊఁ, అసలుదే. తారీకు సరిపోయింది, ఊరు సరిపోయింది. తల్లి పేరు ఇంకోసారి చెప్పండి?"

"దావ్‌రుంగ్."

"ఇందులో బున్‌లియాంగ్ అని ఉంది."

"అది అమ్మ పాత పేరు అయ్యుంటుంది సార్. కలిసిరావడం లేదని భిక్షువుగారు మార్చి ఉంటారు. ఇక్కడ అందరూ మార్చుకుంటారు కదా. పిన్నీ, అమ్మ పాత పేరు ఇదేనా? పిన్నీ?"

"ఆ కాగితం వద్దు సార్. ఇచ్చేయండి. మేము ఇంటికి వెళ్లిపోతాం."

"ఒక్క నిమిషం. పేరు మార్చుకుంటే మార్చుకున్న కాగితం ఉండాలి. ఇంటి పుస్తకం తెచ్చారా?"

"మా పిన్ని సంచీలో ఉంది. ఇవ్వు పిన్నీ."

"మరిచిపోయాను."

"పొద్దున నా చేత్తో నేనే పెట్టాను కదా. చెయ్యి తియ్యి పిన్నీ. ఇదిగోండి సార్."

"వద్దమ్మా. నోయ్నా, వద్దు."

"బున్‌లియాంగ్… బున్‌లియాంగ్… ఇదిగో, ఈ ఇంట్లోనే ఉంది. ఇటు చూడండి. ఈ పెద్దాయన పేరు మీదా, ఈ పెద్దావిడ పేరు మీదా ఎర్ర ముద్ర ఉందా?"

"అది తాతయ్య. అది అమ్మమ్మ."

"మనిషి పోతే పేరు మీద ఈ ముద్ర పడుతుంది. బున్‌లియాంగ్ మీద పడలేదు."

"అమ్మ పరాయి దేశంలో పోయింది కదా సార్. ఎవరూ వచ్చి చెప్పి ఉండరు."

"చెప్పారు. దావ్‌రుంగ్ పేరు వెనక పేజీలో వేరే ఉంది. దాని మీద ముద్ర ఉంది, మూడేళ్ల కిందటిది. అంటే వీళ్లు ఇద్దరు మనుషులు. ఒకరు పోయారు, ఒకరున్నారు. ఈ కాగితంలో తల్లిగా ఉన్నది బతికున్నావిడ పేరు. మీరేమో మా అమ్మ పోయిందంటున్నారు."

"నాకు అర్థం కావడం లేదు సార్."

"నాకూ కావడం లేదు. పోయిన ఏడాది ఒకతను ఇలాగే ఎవరి కాగితమో తెచ్చి తన తల్లిదన్నాడు. పై అంతస్తుకి పంపాం. మళ్లీ ఈ దేశంలో కాలు పెట్టలేదు."

"నేనే తప్పూ చెయ్యలేదు సార్. పిన్నీ, నువ్వు చెప్పు. ఎవరీ బున్‌లియాంగ్? చెప్పవేం? నన్ను మళ్లీ గదిలో పెడతారు పిన్నీ."

"ఎవరో… చుట్టాలావిడ. ఎప్పుడో…"

"మీ పేరేమిటమ్మా?"

"కుంగ్ అంటారండీ."

"కుంగ్ అంటే రొయ్య. రొయ్య, చేప అని ఊళ్లోవాళ్లు ముద్దుకి పిలుస్తారు. పుస్తకంలో ఉన్న పేరు అడుగుతున్నాను."

"అందరూ కుంగ్ అనే అంటారండీ. కావాలంటే మా వీధిలో అడగండి."

"పిన్నీ, నీ అసలు పేరేంటి? నాకెప్పుడూ చెప్పలేదు."

"నువ్వెప్పుడూ అడగలేదు."

"ఎవరు అడుగుతారు? ఈ ఊళ్లో ఎవరి అసలు పేరు ఎవరికి తెలుసు? పిన్నీ, ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకు ఇంకా భయమేస్తోంది."

"ఇంక చాలు. పాస్‌పోర్టు నా దగ్గరే ఉంటుంది. ఇద్దరూ ఇక్కణ్ణుంచి కదలకండి, పై అధికారిని పిలుస్తాను. ఆ బున్‌లియాంగ్ ఎక్కడుందో, ఆవిడ కాగితం ఈ అమ్మాయి చేతికి ఎలా వచ్చిందో, ఆవిడ పేరు మీద ముద్ర ఎందుకు పడలేదో, అన్నీ ఆయనకి చెప్పుకోండి."

"పిన్నీ…"

"ఆగండి సార్. ఎవర్నీ పిలవకండి. పిల్లకేమీ తెలీదు, దాన్నేమీ అనకండి. ముద్ర ఎలా పడుతుంది సార్, నేనింకా బతికే ఉన్నాను కదా."