పదకొండు గాలాలు

కెనడాలో వాటర్లూ ఊరి చివర చేపలవేట సామాన్ల కొట్టు. ఇంటి ఓనరు ఆంజనేయప్రసాద్, ఆయన బేస్‌మెంటులో అద్దెకుండే స్టూడెంటు పీటర్.

“...పక్కింటి విశాలాక్షి లేదూ, ఆవిడ మా సుందరితో అన్నదట. ‘మీ బేస్‌మెంటులోంచి పొద్దున్నే మగపిల్లలు బయటికొస్తుంటే పుట్టలోంచి ఉసిళ్లు లేచినట్టుంటుందండీ’ అని. పైగా లెక్కపెట్టిందట!”

“ఎంతమందిమని తేల్చింది అంకుల్?”

“పద్నాలుగు.”

“మేం పదకొండుమందిమేగా.”

“అదే నేననేది! ముగ్గుర్ని ఎక్కువేసింది. ఎంత అభాండం!”

“అనంత్ గాడు సిగరెట్టుకని నాలుగుసార్లు బయటికొస్తాడంకుల్. వాణ్ని నలుగురు అనుకునుంటది.”

“సరేలే, ఆవిడ గొడవ మనకెందుకు. నువ్వు రాడ్లు చూడు. నీకు తెలుసనేగా నిన్ను తీసుకొచ్చా. ఊరు ఓడరేవు, పేరు పీటరు. ఇంకేం కావాలి?”

“మా ఊళ్లో వలలంకుల్. గాలమంటే పనిలేనోడు వేసేది.”

“అయితే మీకు సరిగ్గా సరిపోయింది!”

“నిజంగానే కొనిపెడతారా? పదకొండుమందికీ?”

“పదకొండుమందికీ. ఏం, నా మీద నమ్మకం లేదా?”

“అది కాదూ, మొన్న బాత్రూములో బల్బు పోయిందంటే, ‘చీకట్లో పోసుకున్నా నీళ్లు పడేది ఒంటిమీదేగా’ అన్నారు మీరు.”

“అది వేరు, ఇది వేరు. ఇది ఆరోగ్యం. కెనడా దాకా వచ్చి ఒక్క బాస్ చేపన్నా పట్టకపోతే ఏం బతుకయ్యా! పిల్లలు లోపలే మగ్గిపోతున్నారని మా సుందరి ఒకటే బాధ.”

“ఆంటీకా?”

“ఏం, ఆవిడకి మనసుండదా? ఇదిగో, ఈ పొడుగుది ఎట్లా ఉంది?”

“ఎనిమిదడుగులుంది. మనకెందుకది? ఏడడుగుల లోపు చాలు. మొదలు గట్టిగా ఉండాలి, కొస చురుగ్గా వంగాలి. అప్పుడే చేప ఎరని ముట్టుకోగానే మన చేతికి తెలుస్తది.”

“తెలిస్తే?”

“లాగుతాం.”

“లాగితే?”

“పడుద్ది.”

“ఎంతసేపట్లో?”

“టైం బాగుంటే గంటకి రెండు మూడు.”

“అంత తొందరగానా! తొందరగా పడితే తొందరగా ఇంటికొచ్చేస్తారు కదయ్యా. చేతికి తెలియకుండా ఉండే రాడ్డు లేదా?”

“అట్లాంటిదంటే చీపురుకర్రంకుల్.”

“వెటకారాలొద్దు. రీల్ సంగతి చూడు. ఈ గుండ్రంది బాగుందే, మిలమిల్లాడుతోంది.”

“దాని జోలికి పోకండి. బెయిట్‌కాస్టర్ అంటారు, చెయ్యి తిరిగినోళ్లకి. విసిరేటప్పుడు బొటనవేలు సరిగ్గా ఆన్చకపోయామా, లైనంతా లోపల చిక్కుపడి కాకిగూడయి కూర్చుంటది. అది విప్పేసరికి పొద్దుగూకుద్ది.”

“పొద్దుగూకుద్దా?”

“ఒక్కోసారి మర్నాడు కూడా అయిద్ది.”

“పదకొండు ఇవ్వమను.”

“అంకుల్!”

“ఏమయ్యా, కుర్రాళ్లకి ఓపిక అలవాటు కావద్దూ?”

“మాలో పదిమంది పుట్టి బుద్ధెరిగి గాలం పట్టలేదు. ఈ స్పిన్నింగ్ రీల్ తీసుకుందాం. పసోడైనా తిప్పుతాడు.”

“సరే, సగం ఇవి, సగం అవి. దారమో?”

“ఈ అల్లినది గట్టిది. నాచులో ఇరుక్కున్నా లాక్కొస్తది. కానీ నీళ్లు తేటగా ఉంటే చేప కనిపెట్టేసుద్ది. ఈ రెండోది, ఫ్లోరోకార్బన్, నీళ్లలో సరిగ్గా కనబడదు. ఎర కనబడాలి, లాగేవోడు కనబడకూడదు. అదీ కిటుకు.”

“భలే కిటుకు! అదే తీసుకో.”

“మీకు నచ్చుద్దనుకున్నా.”

“అంటే?”

“ఏం లేదు. ఇంకోటంకుల్, ఇక్కడ చేపలకి కూడా లెక్కుంది. మనిషికి ఇన్నే అని. లెక్కకి మించి పోగేశామంటే ఇన్‌స్పెక్టరొచ్చి ఫైనేస్తాడు.”

“ఎవరొస్తాడు?”

“చేపల ఇన్‌స్పెక్టరంకుల్. మీకెందుకు చెమటలు?”

“ఈ కొట్లో ఏసీ పనిచేయట్లేదు. సరే విను, శుక్రవారం మీకు క్లాసుల్లేవుగా. పొద్దున ఐదింటికల్లా బయల్దేరాలి. వ్యాను చెప్పా. బెల్‌వుడ్ లేక్‌కి తీసుకెళ్తాడు. సాయంత్రం ఆరు దాకా ఇటు తొంగిచూడొద్దు. పులిహోర సుందరి కట్టిస్తుంది.”

“ఆంటీ మాకు పులిహోర చేస్తుందా? దేవుడా!”

“ఇంకోమాట. పోతూపోతూ మీ పరుపులు కూడా వ్యానులో పడేసుకోండి.”

“పరుపులా?”

“గట్టున కూచోడానికి మెత్తగా ఉంటుందిగా.”

“పదకొండు పరుపులు.”

“రైస్ కుక్కర్లు కూడా.”

“నాలుగూనా?”

“చేప పడ్డాక అన్నం వద్దూ? ఆ గుమ్మం దగ్గర గుట్టపోసుంటాయి చూడు బూట్లు, అవీ వేసుకెళ్లండి. సింకు మీద చెంబులో బ్రష్షులున్నాయి, గడ్డిమోపులాగా. అవి కూడా.”

“చేపలకి పళ్లు తోముతామా అంకుల్? మమ్మల్ని వేటకి పంపుతున్నారా, ఇల్లు ఖాళీ చేయిస్తున్నారా?”

“ఛఛ, ఏం మాటలయ్యా అవి! ఆగు, ఫోను. హలో సుందరీ... ఆఁ, కొట్లోనే ఉన్నా... బంకు మంచాలు విప్పేశావా?... స్పానరు డ్రయ్యర్ మీదుంది చూడు... ఫర్నేసు పక్కన రాములవారి పటం పెట్టు, పూజగది అని చెబుదాం... అక్కడ పూజేంటంటే? సరే, జిమ్ము అను... ఇన్‌స్పెక్టరు పదింటికి కదా, శుక్రవారం పొద్దున కూడా చూసుకోవచ్చు... మెల్లగా, మెల్లగా, పక్కనే ఉన్నాడు. పెట్టేస్తున్నా... ఆ, ఈ రాడ్డు బరువు ఎంతుంటుందంటావ్?”

“ఏ ఇన్‌స్పెక్టరంకుల్?”

“ఇందాక నువ్వేగా చెప్పావ్. చేపల...”

“చేపల ఇన్‌స్పెక్టరు మన ఇంట్లో బంకు మంచాలు చూడ్డానికి వస్తాడా?”

“అది సుందరి ఏదో సీరియల్ సంగతి చెబుతుంటే...”

“సీరియల్‌వోళ్లు మన డ్రయ్యర్ మీద స్పానరుతోనే విప్పుతున్నారా?”

“సరే! సిటీ వాళ్లయ్యా, ఇల్లు తనిఖీకొస్తున్నారు. ఎవరో కంప్లైంటు ఇచ్చారు. ఎవరో ఏంటి, ఆ విశాలాక్షే! ఒక్క పూట బాబూ. అద్దెకెవరూ లేరు, కింద మేమే టీవీ చూసుకుంటాం అని చెప్పి పంపించేస్తా. ఆయన అటు పోగానే మీరు ఇటు వచ్చేయండి. పరుపులతో, చేపలతో.”

“ఆయన నమ్మకపోతే?”

“బేస్‌మెంటు మూయిస్తాడు. నాకు ఫైను, మీకు రోడ్డు. ఈ ఊళ్లో ఇప్పుడు గది ఎక్కడుందయ్యా? సెప్టెంబరొస్తే ఇంకో మంద దిగుతుంది విమానాల్లో. నీతో వచ్చిన కుర్రాడు కార్లో పడుకుంటున్నాడని నువ్వేగా చెప్పావ్?”

“చెప్పా.”

“మరి! మునిగితే నేనొక్కణ్నే మునగను. నీళ్లలో పుట్టినోడివి, నీకు చెప్పాలా?”

“కిటికీ సంగతేం చేశారంకుల్?”

“ఏ కిటికీ?”

“కింద ఉన్నది ఒక్కటేగా. మీరు మేకులు కొట్టింది.”

“ఆ అడవిపిల్లుల్లాంటి రకూన్లు దూరుతున్నాయని కొట్టా. మీ మంచికేగా!”

“మార్చిలో అనంత్ ఉప్మా మాడ్చినప్పుడు...”

“అబ్బో, ఆ లుంగీ కథేగా! ముందువాడు లుంగీ తొక్కుకుని మెట్ల మీద పడితే వాడి మీద మిగతా అందరూ! సుందరి చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వాం.”

“మేమూ నవ్వాం. బయటికొచ్చాక. అప్పుడు చూసుకుంటే అనంత్ లేడు. పొగలో దారి తెలీక కిటికీ దగ్గరే ఉండిపోయాడు. గోళ్లతో మేకులు పీకుతున్నాడు. నేను వెనక్కెళ్లి చొక్కా పట్టి లాక్కొచ్చా. ఇప్పటికీ వాడు అన్నిసార్లు బయటికొచ్చేది సిగరెట్టు కోసమే అనుకుంటున్నారా?”

“ఇప్పుడు బాగానే ఉన్నాడుగా?”

“మర్నాడు మిమ్మల్ని అడిగా, మేకులు తీయమని. చలి పోనీ అన్నారు. మేలో అడిగితే దోమలన్నారు. మొన్న అడిగితే, కిటికీ బయట రకూన్ పిల్లల్ని పెట్టింది, బాలింతరాలు పాపం అన్నారు.”

“అవునయ్యా, నాలుగు పిల్లలు!”

“దానికి పురుడు పోశారు, మాకు గాలి లేదు.”

“తీస్తానన్నానుగా! శుక్రవారం గండం గడవనీ. శనివారం పొద్దున్నే నేనే సుత్తి పట్టుకుని దిగుతా. సుందరి మీద ఒట్టు.”

“ఆంటీ మీద ఒట్టు మీరు ఆ తర్వాత బల్బుక్కూడా వేశారు, ఇంకా చీకట్లోనే పోసుకుంటున్నాం. ఇదిగో, పక్కదే హార్డ్‌వేర్ కొట్టు. ఈ రాడ్లు పెట్టేసి రండి, ఇప్పుడే సుత్తి కొందాం. ఇంటికెళ్లగానే నేనే పీకుతా.”

“ఇప్పుడా? నీకు మతుందా? మేకులు పీకితే గోడకి బెజ్జాలు కనబడవూ? ఇన్‌స్పెక్టరు కళ్లు ముందు వాటి మీదే పడతాయి. శనివారం అన్నానుగా, శనివారం.”

“అంతేనా అంకుల్? ఆఖరి మాటేనా?”

“అంతే. ఇదంతా ఆ విశాలాక్షి వల్ల. మొన్న ఉగాదికి గిన్నెడు పచ్చడి పంపామయ్యా ఆవిడకి! తిన్న నోటితోనే సిటీకి ఫోన్ చేసింది. ఆ ఇన్‌స్పెక్టరు నాతో ఏమన్నాడనుకున్నావ్? ‘మీ బేస్‌మెంటులో పదకొండుమంది ఉన్నారట’ అన్నాడు. లెక్కతో సహా చెప్పింది మహాతల్లి!”

“ఆవిడ లెక్క పద్నాలుగు కదంకుల్.”

“అవును, పద్నాలుగు. అదేగా నేననేది, లెక్కతో సహా... ఆగాగు. పద్నాలుగు. మరి పదకొండని ఎవరు...”

“ఆ రాడ్లు కింద పెట్టండి అంకుల్. ఫోన్ చేసింది నేనే. శుక్రవారం పదింటికి పదకొండుమందిమీ ఇంట్లోనే ఉంటాం.”