చేతి మీద కప్పిన రుమాలు

అధ్యక్షస్థానంలో ఉన్న మా యజమాని చక్రపాణి గారికి, వేదిక చిన్నదై ఆయన పక్కన ఇరుక్కుని కూర్చున్న పెద్దలకు, ఇరవై ఎనిమిదేళ్లు నాతో పాటు అమీర్‌పేట దుమ్ము పంచుకున్న తోటి ఉద్యోగులకు, ఒకప్పుడు నా చేత స్కేలుదెబ్బలు తిని ఇవాళ పెద్ద పెద్ద ఆఫీసుల్లో పని చేస్తూ, ఈ పూట అనుమతి తీసుకుని పంజాగుట్ట దాకా వచ్చిన నా పిల్లలకు నమస్కారం. మూడో వరుసలో అప్పుడే గడియారం చూసుకుంటున్న పెద్దమనిషి మా ఆయన వీరవెంకటసత్యనారాయణ గారు. ఏమండీ, ముప్పై ఐదేళ్లుగా మీరు మాట్లాడితే నేను విన్నాను, ఈ పావుగంట కాస్త ఓపిక పట్టండి. (నవ్వులు)

ఇందాక చక్రపాణి గారు "కమలకుమారి గారికి ఏ కొత్త విద్యయినా ఇట్టే పట్టుబడుతుంది" అన్నారు. అయ్యా, రిటైరయ్యే రోజున శాలువా కప్పించుకున్నదాన్ని, ఊరుకోవాలి గానీ, అది నిజం కాదు. ఆ మాట మోసుకుని ఇంటికి వెళ్లడం నా వల్ల కాదు. అందుకే రాసుకొచ్చిన కాగితం మడిచి సంచిలో పెట్టేస్తున్నాను.

మన సంస్థ మొదట టైపు ఇన్‌స్టిట్యూట్ అని కొత్తవాళ్లకు తెలియదు. పన్నెండు మిషన్లు, ఒక గోడగడియారం, నేను, నా స్కేలు. పిల్లలు అక్షరాల వంక చూడకుండా వాళ్ల చేతుల మీద గుడ్డ కప్పేదాన్ని. "చేతి వంక చూడకు, కాగితం వంక చూడు, చేతికి అదే తెలుస్తుంది" అని రోజుకు వందసార్లు అనేదాన్ని. తొంభై రెండులో బోరబండ నుంచి నవీన అని ఒక అమ్మాయి చేరింది. తెలుగు మీడియం పిల్ల, ఇంగ్లీషు అక్షరం వెతుక్కోవడానికి గుడ్డ కింద నుంచి తొంగి చూసేది. ఒకరోజు నాకు ఒళ్లు మండి, అందరి ముందు గుడ్డ లాగేసి, "నీకు రాదు, ఇంటికి పో" అన్నాను. మర్నాడు వాళ్ల నాన్న ఐలయ్య గారు పనికి పోకుండా కూతుర్ని వెంటబెట్టుకొచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. "కొడితే కొట్టుండ్రి మేడం, గానీ పొమ్మనకుండ్రి" అన్నారు. పిల్లను మళ్లీ కూర్చోబెట్టాను గానీ, తప్పయిందన్న మాట మాత్రం నా నోట రాలేదు. ఐలయ్య గారూ, ఇవాళ కూడా ఆ తలుపు దగ్గరే నిలబడ్డారేంటండీ? ముందుకొచ్చి కూర్చోండి. (చప్పట్లు)

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. డాస్‌తో నాకు పేచీ లేదు. నల్లటి తెర, ఆజ్ఞ టైపు చేస్తే పని జరిగేది, అక్కడా వేళ్లదే రాజ్యం. తొంభై ఎనిమిదిలో విండోస్ దిగింది. తెర నిండా బొమ్మలు, చేతిలో మౌస్. బాణం ఎక్కడుందో చూస్తే చెయ్యి ఆగిపోయేది, చెయ్యి చూసుకుంటే బాణం మాయమయ్యేది. మౌస్ జరుపుతూ జరుపుతూ బల్ల అంచు దాకా వచ్చి, ఆ పైన దారి లేక, చక్రపాణి గారి దగ్గరికి వెళ్లి "బల్ల చాలడం లేదండీ, ఇంకాస్త పెద్దది ఇప్పించండి" అన్నాను. పాపం ఆయన వాళ్లింట్లో భోజనాల బల్ల పంపించారు! (నవ్వులు) దాని అంచు కూడా వచ్చేసింది.

సాయంత్రం డాస్‌లో లాగే గోడ దగ్గర స్విచ్ కట్టేసి వెళ్లేదాన్ని. పొద్దున తెరవగానే నీలం తెర వేసుకుని, నన్ను సరిగ్గా మూయలేదేమని తిట్టేది. మిషన్లు బాగుచేసే మన నర్సింహులు చూసి, "స్టార్ట్ నొక్కి బంద్ చెయ్యాలె మేడం" అన్నాడు. ఆపడానికి స్టార్ట్ ఏంటయ్యా అంటే, "మీరు పోయేటప్పుడు వెళ్లొస్తా అనరా? గిది సుత అంతే" అన్నాడు.

ఇంతలో పిల్లలంతా విండోసే కావాలన్నారు. వచ్చే ఒకటో తారీఖు నుంచి అదే క్లాసు. నేర్చుకుంటే టీచర్ని, లేకపోతే ముందు గదిలో ఫారాలు అందించే మనిషిని. ఆ వారం ఒక మధ్యాహ్నం చెక్కగోడ అవతల చక్రపాణి గారి గొంతు వినిపించింది. "మేడంకి ఇక రాదులే" అన్నారు. అయ్యా, తల దించుకోకండి, మీరు కోపంతో అనలేదు, బాధపడుతూ అన్నారు. కానీ అది నా మాటే. ఎవరికి అన్నానో వాళ్లు వింటే ఎలా ఉంటుందో ఆరేళ్ల తర్వాత నాకు తెలిసింది. ఆ వెంటనే ఇంకో గొంతు, అప్పటికి మన దగ్గరే కంప్యూటర్ నేర్పుతున్న నవీనది: "వస్తది సార్. జర టైమ్ ఇయ్యుండ్రి. నాకు రాలేదా?"

ఒక్క నిమిషం. మంచినీళ్లు.

మర్నాడు భోజనాల వేళ నవీన వచ్చి, గది తలుపు దగ్గరికి వేసి, తన రుమాలు తీసి మౌస్ మీదున్న నా చేతి మీద కప్పింది. "చేయి దిక్కు చూడకుండ్రి మేడం, తెర దిక్కు చూడుండ్రి. చేయికి అదే తెలుస్తది" అంది. బల్ల అంచు వచ్చేసిందే అంటే, "ఎత్తి మల్ల నడుమ పెట్టుండ్రి, బాణం ఆడనే ఉంటది" అంది. నాలుగు వారాలు అన్నం డబ్బా పక్కన పెట్టుకుని నాతో కూర్చుంది. ఒక్కసారి విసుక్కోలేదు. నేనే విసుక్కున్నాను, ఆ పిల్ల మీద కూడా! ఒకటో తారీఖున ముప్పై మంది ముందు నిలబడి పాఠం చెప్పాను. ఇట్టే పట్టుబడిందని చక్రపాణి గారు అనుకున్నది అందుకే. దించుకునే ధైర్యం లేక ఆ పేరు ఇవాళ్టి దాకా ఆరేళ్లు మోశాను.

నవీనా, ఇలా రామ్మా. ఏడవకు, నేనూ ఏడుస్తాను. ఆ రోజు నిన్ను అంతమందిలో అవమానించాను. ఇంతమందిలోనే చెబుతున్నాను, నాది తప్పు. నన్ను క్షమించు. ఇదిగో నీ రుమాలు, ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాను. నిన్న కృష్ణానగర్ నుంచి ఒకావిడ కొత్తగా చేరింది, నలభై దాటిన మనిషి, మౌస్ పట్టుకుని "నాకు రాదేమోనండీ" అంది. రేపటి నుంచి నేను క్లాసుకు రాను. ఆవిడ చేతి మీద ఇది నువ్వు కప్పు.

ఇంత దూరం వచ్చి, ఇంతసేపు కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. భోజనాల బల్ల ఇంకా మన దగ్గరే ఉంది చక్రపాణి గారూ, పంపించేస్తాం. వెళ్లొస్తాను. సెలవు.