ఒక్కసారి తిట్టక్కా

సాయంత్రం. బట్టల కుట్టు కంపెనీలో పని ముగించుకొచ్చిన అక్క, ఏడో తరగతి చదివే తమ్ముడు.

"మళ్లీ చెప్పు. నేనేం చెయ్యాలి?"

"రేపు బడి వదిలే టైముకి గేటు దగ్గరికి రా. అందరి ముందూ నా చెవి మెలెయ్యి. గట్టిగా."

"పొద్దున్నుంచి కాలర్లు కుట్టి కుట్టి నా వేళ్లే మెలికలు తిరిగిపోయాయి. ఇంక నీ చెవొకటా. ఆ నీళ్లిలా ఇవ్వు."

"ఇదిగో. వస్తావా?"

"అమ్మనడుగు."

"అమ్మ ఏడుస్తుంది. నువ్వైతే బాగా తిడతావు."

"మంచి పేరే తెచ్చుకున్నాను. ఏమని తిట్టాలి?"

"'ఆ పొడుగోడి గుంపుతో తిరిగితే కాళ్లు విరగ్గొడతా' అను. అంతే. అప్పుడు మా అక్క వద్దందిరా అని వాళ్లకి చెప్పేస్తా."

"ఆ మాటేదో నువ్వే చెప్పొచ్చుగా, ఇష్టం లేదని."

"చెప్తే పిరికోడంటారు. మర్నాటి నుంచి నా బ్యాగే చెత్తబుట్టలో ఉంటుంది."

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల. అసలు వాళ్లతో ఎందుకు చేరావు?"

"వాళ్లతో ఉంటే మన జోలికి రారు కదా అని..."

"మన జోలికా, నీ జోలికా? మరి నీ సోడాబుడ్డి కళ్లద్దాల నేస్తం సంగతేంటి? ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మీరిద్దరూ."

"వాడి సంగతి వదిలెయ్యక్కా."

"ఎందుకొదలాలి? ఇవాళ వాళ్లమ్మ కాజాలు కుట్టడం ఆపి మరీ నా మిషను దగ్గరికొచ్చింది. కళ్లనీళ్లు పెట్టుకుంది."

"ఏమంది? అక్కా, ఏమంది?"

"నిన్న బళ్లో వాణ్ణి బాత్రూంలోకి తోసి బయట గొళ్లెం పెట్టారటగా. అందరూ వెళ్లిపోయాక నువ్వే వెనక్కెళ్లి తీశావట. ఇంటిదాకా తీసుకెళ్లావట. 'నీ తమ్ముడు బంగారం' అంది. నాకెంత సంతోషమేసిందో. నువ్వేమో ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్పడానికేముంది."

"అలాంటోణ్ణి పట్టుకుని నలుగుర్లో చెవి మెలెయ్యమంటావు. నా వల్ల కాదు బాబూ."

"తిట్టక్కా. ఒక్కసారి. కావాలంటే ఒకటి కొట్టు."

"తిట్టడానికే ఓపిక లేదు, ఇంక కొట్టడం కూడానా. దారిలో వాడేమన్నాడు?"

"ఏమీ అన్లేదు."

"ఏమీ అనకుండా అంత దూరం నడిచారా?"

"మళ్లీ నా పక్కనే కూర్చుంటానన్నాడు. నువ్వుంటే నాకు భయం లేదురా అన్నాడు."

"ఇంకేం మరి. కూర్చోనీ."

"వద్దు. వాడు గుర్తొస్తేనే అన్నం దిగట్లేదు."

"ఎందుకు దిగదురా? గొళ్లెం తీసింది నువ్వేగా?"

"తీసింది నేనే."

"మరి?"

"పెట్టింది కూడా నేనే అక్కా."